మిల్లు చెవి

బస్సు దిగీ దిగగానే ఆమెకు ఒళ్లు మండింది. ఎండకు కాదు, ప్రయాణపు బడలికకూ కాదు. రోడ్డుకు అవతల, మిల్లు గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న వాచ్‌మన్, మధ్యలో లారీలూ నీళ్ల ట్యాంకరూ అడ్డం పోతున్నా సరే, వాటి సందుల్లోంచే ఆమెను పలకరించేశాడు. గొంతు వాడలేదు. మూతి మాత్రం బారెడు సాగదీసి, ఒక్కో మాటనూ పెదాల మీద పరిచి చూపించాడు.

"ఇంత ఆలస్యమైందేం తల్లీ? అక్క పొద్దుట్నుంచీ ఎదురుచూస్తోంది. జుట్టెందుకు కత్తిరించుకున్నావు? ఏం బాగాలేదు."

ఆమె అర్థం కానట్టు మొహం పక్కకు తిప్పుకుంది. అర్థమైంది. ఆమె కోపమంతా అందుకే. ఊరు వదిలి ఇన్నేళ్లయినా, కొందరి మొహాలే గుర్తు రాకపోయినా, వాళ్ల పెదాల మీది మాట మాత్రం ఒక్క అక్షరం పొల్లు పోకుండా అర్థమవుతూనే ఉంది. మర్చిపోదామని ఎంత ప్రయత్నించినా మర్చిపోలేకపోయిన విద్య అదొక్కటే.

ఆ ఊరి సంగతి కాస్త చెప్పాలి. అక్కడ ఉన్నదల్లా ఒక నేత మిల్లు. షెడ్డులో మరమగ్గాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయంటే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు. మీ కేక మీకే వినపడదు. అందుకని ఆ షెడ్డులో పనిచేసేవాళ్లు ఎప్పుడో గొంతు వాడటం మానేశారు. మూతితో మాట్లాడతారు, కళ్లతో వింటారు. షెడ్డులో పుట్టిన అలవాటు వీధిలోకొచ్చింది, వీధిలోంచి ఇళ్లలోకొచ్చింది. పిల్లలు నడక కంటే ముందు అదే నేర్చుకుంటారు. వీధి ఆ చివర ఒకావిడా ఈ చివర ఒకావిడా మేడల మీద నిలబడి, చప్పుడన్నది లేకుండా పూటంతా పోట్లాడుకోగలరు. మధ్య ఇళ్లవాళ్లు పనులు మానుకుని అటూ ఇటూ తల తిప్పుతూ కూర్చుంటారు.

మగ్గాల దగ్గర కొన్నేళ్లు నిలబడితే చెవులు పోతాయి. పోతే ఎవరూ గుండెలు బాదుకోరు. చేతులు కాయలు కాశాయన్నంత మామూలుగా "ఆవిడకి మిల్లు చెవొచ్చింది" అంటారు, అంతే. చెవిటి అన్న మాటను పైఊరి మనుషుల గురించి వాడతారేమో గానీ, తమవాళ్లలో ఎవరినీ అలా అనరు. అనాల్సిన పనే పడదు. వినపడేవాడికీ వినపడనివాడికీ ఆ ఊళ్లో తేడా కనిపెట్టడం కష్టం.

ఇలాంటి ఊళ్లో వయసొస్తున్న పిల్లకు రహస్యమన్నది ఎక్కడుంటుంది? స్కూల్లో చదివేటప్పుడు ఒకసారి, లెక్కల మాస్టారి మేనల్లుడు చూడటానికి బాగుంటాడని స్నేహితురాలి చెవిలో గొణిగింది. సాయంత్రం ఇంటికి రాగానే అక్క, "బాగుంటే బాగుంటాడు గానీ వాడికి చదువబ్బలేదు" అంది. ఎవరు చెప్పారని ఈమె ఎగిరింది. "నువ్వే చెప్పావు. మీ స్కూలు ప్రహరీ గోడ పొట్టిది" అంది అక్క తాపీగా. ఆ రోజు నుంచి ఈమె పెదాలు కదపకుండా మాట్లాడటం నేర్చుకుంది. ఊరు ఊరుకుంటుందా? గుసగుస అని పేరు పెట్టింది. ఆ పేరు విన్నప్పుడల్లా, కాదు, చూసినప్పుడల్లా, ఈ ఊరు వదిలి పారిపోవాలని పళ్లు నూరుకునేది.

పారిపోయింది కూడా. నగరంలో ఒక టెలిఫోన్ సహాయ కేంద్రంలో ఉద్యోగం దొరికింది. అవతలివాళ్లకు ఆమె గొంతే తప్ప మొహం కనపడదు. అంతకంటే స్వర్గం ఇంకేం కావాలి? అక్కడే ఎదిగింది, అక్కడే పెళ్లి చేసుకుంది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఎలా మాట్లాడాలో ఆమే నేర్పుతుంది. గొంతు తగ్గించు, మాట మింగకు, ప్రతి అక్షరం దేనికది పలుకు. ఊరికి వచ్చినా పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. ఈసారి అలా కుదరదు. ఈసారి అక్కను వెంటబెట్టుకుని వెళ్లాలి.

అక్క అంటే అక్క ఒక్కతే కాదు, తల్లీ తండ్రీ కూడా. వాళ్లిద్దరూ వరసగా పోయేనాటికి ఈమె మరీ చిన్నపిల్ల. అక్క మగ్గం దగ్గర నిలబడి ఈమెను పెంచింది, చదివించింది, పారిపోతానంటే బస్సెక్కించింది. తాను పెళ్లి చేసుకోలేదు. "ఎవడూ నచ్చలేదు, అందరి మాటలూ ముందే చదివేశాను" అని నవ్వేది. ఇప్పుడు అక్క పనిలోంచి దిగిపోయింది. మిల్లు క్వార్టరు పనిలో ఉన్నవాళ్లకే గనక నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలని మేనేజరు చెప్పాడు. ఖాళీ చేసి ఎక్కడికి పోతుంది? చెల్లెలి ఇంటికే. చెల్లెలు మొగుడితో మాట్లాడి ఒప్పించింది, వెనకగదిలో సామానంతా తీయించింది, ఆఫీసులో బతిమాలి బామాలి సెలవు సంపాదించింది. ఇక అక్క పెట్టె సర్దుకోవడమే తరువాయి.

అక్క పెట్టె సర్దలేదు. చెల్లెలు వచ్చేసరికి గుమ్మంలో కుర్చీ వేసుకుని తీరిగ్గా బొత్తాలు కుట్టుకుంటోంది.

"ఇంకా ఏం సర్దలేదేంటక్కా? సెలవు ఎక్కువ లేదు నాకు."

"ఏమన్నావు? ఇటు తిరిగి చెప్పు."

అదీ మొదలు. అక్కతో ఒక్క ముక్క చెప్పాలంటే ఎదురుగా నిలబడాలి, వెలుతురు మొహం మీద పడాలి, మూతి తెరవాలి. వెలుతురు ఉన్నది గుమ్మంలోనే. గుమ్మంలో మాట్లాడితే అది అక్కతో మాట్లాడటం కాదు, వీధితో మాట్లాడటం. చెల్లెలు ఇలా నోరు విప్పిందో లేదో, ఎదురింటి అరుగు మీదనుంచి మైకు లేచి నిలబడింది. మైకు అంటే అక్కతో పాటు మగ్గాల దగ్గర పనిచేసిన మనిషి. చెవులు ఎప్పుడో పోయాయి గానీ, కొత్తవాళ్లు కనపడితే సరదాకి గొంతు వాడుతుంది. వాడితే కిటికీ అద్దాలు అదురుతాయి.

"ఏమే గుసగుసా, మీ ఇంటికి లిఫ్టు ఉందా? మీ అక్క మోకాళ్లు మెట్లు ఎక్కవు" అని గర్జించింది.

"ఉంది పిన్నీ."

"పెదాలు తెరిచి చావు. ఉందా లేదా?"

"ఉంది!"

"వెనకగది అంటున్నారు, అందులో కిటికీ ఉందా?"

వెనకగది సంగతి తాను అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అదీ మెసేజిలో రాసింది. అక్క మాత్రం ఏమీ ఎరగనట్టు సూదిలో దారం ఎక్కిస్తోంది. చెల్లెలికి చిర్రెత్తుకొచ్చింది.

"లోపలికి రా అక్కా. మనిద్దరం లోపల మాట్లాడుకుందాం."

"లోపల చీకటి. అసలే నువ్వు పెదాలు దాచుకుని మాట్లాడతావు."

మర్నాడు కూడా అదే తంతు. చెల్లెలు ఒక ప్రశ్నకు జవాబు చెప్పేలోపు వీధి ఇంకొకటి అందించేది. అక్కడ నీళ్లు సరిగ్గా వస్తాయా? పక్కింటివాళ్లు మంచివాళ్లేనా? నీ మొగుడు గురకపెడతాడా? గురకపెడితే అక్కకు వినపడదుగా అని ఒకావిడా, ఆమెకు వినపడకపోయినా మంచం అదురుతుందిగా అని ఇంకొకావిడా. గేటు దగ్గరి వాచ్‌మన్ సైతం అంత దూరాన్నుంచీ చెయ్యెత్తి, తనకూ ఒక సందేహం ఉందన్నాడు. కాలు బయటపెడితే చాలు, ఊరు ఊరంతా ఆమె నోట్లోకే చూస్తున్నట్టుండేది. తల ప్రాణం తోకకొచ్చింది ఆమెకు.

అక్క అసలు భయం మాత్రం ఆ సాయంత్రం బయటపడింది.

"అక్కడ నాతో ఎవరు మాట్లాడతారే?"

"నేను మాట్లాడతాను."

"నువ్వు ఆఫీసుకి పోతే?"

"ఆయనుంటారు."

"మీ ఆయన మీసంలోపల మాట్లాడతాడు. పెళ్లినాటి నుంచీ ఆయన నాతో ఏమంటున్నాడో ఒక్క మాట అందలేదు. నవ్వి ఊరుకుంటున్నా. ఆయన మీసం తీయించుకుంటాడేమో అడుగు."

వీధి మొత్తం చప్పుడు లేకుండా విరగబడి నవ్వింది. చెల్లెలికి నవ్వు రాలేదు. నవ్వులాటకు అన్నట్టే అంది గానీ అక్క మొహం నవ్వడం లేదు. నెలాఖరు దగ్గరపడుతోంది, ఈవిడ రానంటే ఏం చెయ్యాలి? బలవంతాన బస్సెక్కిస్తుందా? వదిలేసి పోతే నలుగురూ ఏమంటారు? నలుగురి సంగతి పక్కనపెట్టినా, తాను రేపు అద్దంలో మొహం ఎలా చూసుకుంటుంది?

అందుకని ఆ మర్నాడు ఒక నిర్ణయానికొచ్చింది. పొద్దున్నే అక్క కుర్చీకి ఎదురుగా, సరిగ్గా ఎండ మొహాన పడేట్టు పీట వేసుకుని కూర్చుంది. వీధి చూస్తే చూడనీ అనుకుంది. ఊళ్లో పుట్టిన పిల్లలా మూతి బారెడు తెరిచి, పొద్దెక్కేదాకా మాట్లాడింది. ఇంటి గురించి చెప్పింది, వీధి చివరి పార్కు గురించి చెప్పింది. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే ఇలాగే ఎదురుగా కూర్చుని రోజంతా జరిగింది పూసగుచ్చినట్టు చెబుతానంది. ఆయన చేత మీసం తీయిస్తానంది. "నువ్వు నాకు బరువు కాదక్కా. నాకు నువ్వు కావాలి" అంది. అనేటప్పుడు నిజంగానే అంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

అక్క ఆమె పెదాలనే చూస్తూ కూర్చుంది. చివరికి సూదీ దారం డబ్బాలో పెట్టి మూతపెట్టింది.

"సరే. నీ మాట మీద వస్తున్నా" అని లేచి, అటకమీది పెట్టె దింపింది.

ఎదురింటి అరుగు మీద మైకు ముక్కు చీదుకుంది. ఆ చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినపడింది.

పెట్టెలో సగం బట్టలు పెట్టాక, షెడ్డులో వాళ్లకు ఒక మాట చెప్పి వస్తానని అక్క మిల్లుకు బయల్దేరింది. మధ్యాహ్నం అన్నం వేళ కదా, అందరూ ఒకేచోట దొరుకుతారు. చెల్లెలు హమ్మయ్య అనుకుంది. మొగుడికి చెప్పాలి. క్వార్టర్లో ఫోను పనిచేసే చోటు ఒక్కటే, పైగదిలో కిటికీ పక్కన. పైకి వెళ్లి తలుపు గడియపెట్టింది. వేసిన తలుపు చూసుకుంటే ప్రాణం లేచొచ్చింది. ఊళ్లో అడుగుపెట్టాక మొదటిసారి ఎవరి కళ్లూ లేని చోటు దొరికింది కదా అనుకుని కిటికీ ఊచలకు ఆనుకుని నిలబడింది.

"ఒప్పుకుందండీ" అంది. గొంతు బాగా తగ్గించింది. కింద ఎవరైనా ఉన్నా వినపడకూడదని ఊపిరితోనే మాట్లాడింది. "ఒప్పుకుంది గానీ నా పని అయిపోయింది. పొద్దుట్నుంచీ మూతి సాగదీసీ సాగదీసీ దవడలు నొప్పెడుతున్నాయి. ఒక్క ముక్క పదిసార్లు చెప్పాలి. చెవిటిది కదా, ఏం చేస్తాం."

అవతల ఆయన ఏదో అన్నాడు.

"రోజూ ఇలా నావల్ల కాదండీ. ఆఫీసులో రోజంతా మాట్లాడి వచ్చి, ఇంటికొచ్చాక మళ్లీ ఈ కసరత్తా? కొన్నాళ్లు మన దగ్గర ఉంచుకుందాం. తర్వాత మెల్లగా ఏదైనా వృద్ధుల హోము చూద్దాం. ఇప్పుడే చెబితే రాదు. నాకు మాత్రం ప్రేమ లేదా? ఉంది. కానీ బతుకంతా ఈ ఊరి నుంచి పారిపోయాను కదా, ఇప్పుడు ఈ ఊరినే నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటున్నట్టుంది. చెవిటి మనిషితో కాపురం ఎంత కష్టమో మీకు తెలీదు."

ఇదంతా మరీ దుర్మార్గం కాదు. అలిసిపోయిన మనిషి మొగుడి దగ్గర కాస్త విసుగు కక్కుకుంది. ఇంటింటా జరిగేదే. అన్నాక మనసు తేలికపడింది కూడా. సాయంత్రం బస్సుకు ఇద్దరం బయల్దేరుతున్నామని చెప్పి ఫోను పెట్టేసి, దవడలు రుద్దుకుంటూ కిందికి దిగింది. దారికి బిస్కెట్లు కొందామని వీధి దాటి ఎదురు వరసలోని కొట్టుకు వెళ్లింది. కొట్టాయన బిస్కెట్లు చేతికిచ్చి, పక్కనే ఒక మందు డబ్బీ కూడా పెట్టాడు.

"ఇదేంటి?"

"రాసుకోవడానికమ్మా. దవడ నొప్పికి బాగా పనిచేస్తుంది."

"నాకు దవడ నొప్పని మీకెవరు చెప్పారు?"

"నువ్వే అన్నావుగా తల్లీ. ఇందాక, ఫోన్లో మీ ఆయనతో" అని ఆయన చెయ్యి ఎత్తి చూపించాడు. ఎగతాళి చేయలేదు. నిజంగానే మందు ఇద్దామనుకున్నాడు పాపం.

ఆమె ఆ చెయ్యి చూపించిన వైపు చూసింది. పైగది కిటికీ. మధ్యాహ్నపు ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. లోపల వేలాడదీసిన తువ్వాలు మీది పువ్వులు కూడా ఇక్కణ్నుంచి లెక్కపెట్టొచ్చు. తల మెల్లగా ఇటు తిప్పింది. కొట్టు పక్కనే మిల్లు ఆవరణ, దాని పొట్టిగోడ. అన్నం వేళ షెడ్డులోని ఆడవాళ్లంతా ఆ గోడ మీదే వరసగా, క్వార్టర్ల వైపు మొహాలు పెట్టి కూర్చుంటారు. ఆమె పుట్టకముందు నుంచీ అక్కడే కూర్చుంటున్నారు. గొంతు తగ్గిస్తే రహస్యమవుతుందని నగరం ఆమెకు నేర్పింది. నేర్చుకుని నేర్చుకుని, పుట్టినూరి సంగతి అంత శుభ్రంగా మర్చిపోయింది. పైగా ఎంత స్పష్టంగా పలికిందో, ప్రతి అక్షరం దేనికది.

"మా అక్క కూడా..." అని అడిగింది.

"నీకెదురుగానే, వాళ్ల మధ్యలోనే కూర్చుని ఉంది కదమ్మా" అన్నాడు కొట్టాయన, బిస్కెట్లు సంచిలో వేస్తూ.

ఆ గోడ వైపు మళ్లీ చూసే ధైర్యం లేకపోయింది. సంచి అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది. పెట్టె మంచం మీద నోరు తెరుచుకుని ఉంది, లోపల ఒక్క బట్ట లేదు. ఎదురింటి అరుగు మీద మడతలు చెదిరిన బట్టలు ఒక మూటగా ఉన్నాయి. మైకు తన ముందుగదిలో మంచాన్ని గోడవారకు లాగుతోంది. ఇంకో మంచానికి చోటు చేస్తోందని చూడగానే తెలిసింది.

"పిన్నీ, ఏం చేస్తున్నావు నువ్వు? మా అక్క నాతో వస్తోంది."

మైకు వీపు తిప్పి ఉంది. చెల్లెలు ఎదురుగా వెళ్లి, పెదాలు తెరిచి మళ్లీ అంది.

"నాకేం తెలీదమ్మా. గోడ మీంచే నా దగ్గర ఉంటానంది, ఉండమన్నాను. బట్టలు తెమ్మంది, తెచ్చాను" అంది మైకు. మొదటిసారి గొంతు వాడలేదు.

"అసలు మీకేం పని? ఒకళ్లు ఫోన్లో మాట్లాడుకుంటే చూడటమేంటి? ఊళ్లో ఎవరికీ సిగ్గు లేదా?"

మైకు కోప్పడలేదు. "వెలుతుర్లో నిలబడి గట్టిగా మాట్లాడావు. చెవులుంటే మూసుకునేవాళ్లం. కళ్లెలా మూసుకుంటాం?" అంది.

తాడోపేడో అక్కతోనే తేల్చుకోవాలని మిల్లువైపు నడిచింది. కోపం మైకు మీదో, కొట్టాయన మీదో, ఆ గోడ అంత పొట్టిగా కట్టినవాడి మీదో తెలియడం లేదు. తన మీద కోపం మాత్రం దగ్గరికి రానివ్వడం లేదు. వస్తే నడవలేదు. మైకు కూడా మంచం వదిలేసి వెనకాలే వచ్చింది.

అన్నం వేళ ఇంకా అయిపోలేదు. ఆడవాళ్లు గోడ మీద అలాగే ఉన్నారు, మధ్యలో అక్క. చెల్లెలు వస్తుంటే అన్నం గిన్నెల మూతలు పెట్టేశారు. ఎవరి మూతీ కదల్లేదు. ఆ ఊళ్లో అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆమె వెళ్లి అక్క ముందు నిలబడింది. మాట మొదలుపెట్టబోయింది.

అక్క కళ్లు మూసుకుంది.

"నువ్విప్పుడు మాట్లాడకు. ముందు నేను చెప్పాలి" అంది గొంతుతో. ఆ గొంతు ఎక్కడ పెరుగుతుందో ఎక్కడ తగ్గుతుందో అక్కకే తెలియదు. "కళ్లు తెరిస్తే నువ్వు ఏదో ఒకటి చెప్పి నన్ను ఒప్పిస్తావు."

"అక్కా, ఇటు చూడు."

"నెత్తిన పెట్టుకున్నట్టుందన్నావు, అబద్ధం కాదు. దవడలు నొప్పెడుతున్నాయన్నావు, నొప్పెడతాయి. నీకు చిన్నప్పుడు మాటలు నేర్పినప్పుడు నాకూ నొప్పెట్టాయి. హోములో పెడదామన్నావు. ఆ మాట నన్నే అడిగి ఉంటే నేనూ ఆలోచించేదాన్ని. వీటిల్లో దేనికీ నాకు కోపం లేదు."

"అక్కా!" అని చెల్లెలు అరిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్లో ఆమె గొంతెత్తి అరవడం అదే మొదలు. వాచ్‌మన్ ఒక్కడే ఉలిక్కిపడ్డాడు, అతనికి ఒక చెవి కొంచెం మిగిలి ఉంది. ఆమె అక్క భుజాలు పట్టుకుని కుదిపింది. చేతులు పట్టుకుంది. అక్క చేతులు వదిలించుకోలేదు. కళ్లు మాత్రం తెరవలేదు. చెప్పాల్సింది గొంతుదాకా వచ్చి ఉంది, చెప్పడానికి దారి లేదు. ఎవరినైనా కొట్టాలన్నంత ఉక్రోషం వచ్చింది ఆమెకు.

"నాకు మిల్లు చెవొచ్చి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా నేను చెవిటిదాన్ని కాలేదు. కొట్టుకెళ్తే కొట్టాయన మాట అందుతుంది, గేటు దగ్గర వాచ్‌మన్ మాట అందుతుంది. దారిన పోయే పిల్లలు నన్ను తిట్టుకున్నా అందుతుంది. ఆ మాట నా గురించి మొదటిసారి చూశాను. అదీ నీ నోట చూశాను." అక్క ఆగి, ఊపిరి పీల్చుకుంది. "నువ్వు చెడ్డదానివని కాదే. అక్కడికొస్తే నేను అదే అవుతాను. మీ ఇంట్లో నేను అక్కని కాను, చెవిటిదాన్ని. నువ్వెంత మంచిగా చూసుకున్నా అంతే."

అంతా అయ్యాక అక్క కళ్లు తెరిచింది. ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు" అంది.

చెల్లెలు చుట్టూ చూసింది. గోడ మీద వరసగా అన్ని మొహాలు, అన్ని కళ్లు. మైకు ముందుకొచ్చి వాళ్ల వైపు చేత్తో ఒక సైగ చేసింది. ఒకరి తర్వాత ఒకరు గోడ మీదే అటు తిరిగి కూర్చున్నారు. వాచ్‌మన్ స్టూలు ఎత్తి గేటు వైపు మొహం పెట్టి వేసుకున్నాడు. కొట్టాయన కాసేపు తటపటాయించాడు. మైకు ఉరిమి చూసేసరికి ఆయనా అటు తిరిగి డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు. చివరికి మైకు కూడా వీపు తిప్పింది. ఆ ఊళ్లో ఆమె మాట ఆమె అక్కకు తప్ప ఇంకెవరికీ అందని క్షణం వచ్చింది.

ఆమె చెప్పింది. గొంతు వాడలేదు. తెలియకుండానే, అచ్చం ఆ ఊరి మనిషిలా, మూతి తెరిచి ఒక్కో మాటా పెదాల మీదికి తెచ్చి చెప్పింది. తప్పయిందంది. విసుగులో అన్నానంది, భయమేసి అన్నానంది. హోము మాట ఇక ఎత్తనంది. ఆ ఒక్క మాట అన్నందుకు సిగ్గుతో చచ్చిపోతున్నానంది. ఆనాడు నువ్వు బస్సెక్కించకపోతే నేను ఏమయ్యేదాన్నంది. నువ్వు లేకుండా ఒక్కదాన్నే ఇంటికెళ్లలేనంది. కన్నీళ్లు మూతిమీదికి జారుతుంటే మాట చెడుతుందని మధ్యమధ్య తుడుచుకుని, మళ్లీ చెప్పింది. అక్క రెప్ప వేయకుండా చివరిదాకా చూసింది.

"అంతా విన్నాను. నువ్విప్పుడు చెప్పింది నిజమే" అంది. చెయ్యి చాపి చెల్లెలి దవడ మీద అరచెయ్యి ఆనించింది. "కిటికీలో చెప్పిందీ నిజమే. నేను రాను."

అని లేచి, అన్నం గిన్నె తీసుకుని, మైకు ఇంటివైపు నడిచింది.

చెల్లెలు ఇంకా ఏదో అనబోయింది. అక్క వెళ్తోంది గనక అక్కకు వినపడదు. ఎవరైనా ఒక్కరు ఇటు తిరిగితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఒక్కరు, ఎవరైనా సరే, తమకు పనిలేని విషయంలో తలదూర్చి, అక్కను ఆపి, పోనీలే వెళ్లవే, చిన్నది కదా అని ఒక మాట అంటే చాలు. వాచ్‌మన్ వైపు చూసింది. మైకు వైపు చూసింది. గోడ పొడుగునా అందరి వీపులూ చూసింది. ఆమెకిచ్చిన మర్యాద వాళ్లు తప్పలేదు. ఎవరూ తిరగలేదు.